విడదీసే ఫ్రేమ్ ట్రావెల్ సైకిళ్లు: ధర ఎంత, ఎక్కడ దొరుకుతాయి, ఎవరికి గిట్టుబాటు?

రోజూ తొక్కే సైకిల్‌నే రెండు ముక్కలుగా విడదీసి, సూట్‌కేస్‌లో సర్దేసి, విమానంలో మామూలు లగేజీలా చెక్ఇన్ చేసేయొచ్చు. దిగాక అరగంటలో బిగించుకుని తొక్కుకుంటూ వెళ్లిపోవచ్చు. వీడియోల్లో చూస్తే భలే ఉంటుంది. ధర చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి. పైగా "ఇండియాలో ఎక్కడ కొనాలి?" అని వెతికితే సరైన సమాధానం దొరకదు.

అసలు ఈ సైకిళ్లు ఎలా పనిచేస్తాయి, ఎందుకంత ఖరీదు, మన దగ్గర దొరుకుతాయా, ఆ డబ్బు పెట్టడం ఎవరికి లాభం, ఎవరికి దండగ అనేది ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

అంతా 158 సెంటీమీటర్ల లెక్కే

ఈ సైకిళ్లు ఎందుకు పుట్టాయో తెలియాలంటే ముందు ఎయిర్‌లైన్స్ రూల్ ఒకటి తెలియాలి. చెక్ఇన్ బ్యాగ్ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపితే 158 సెంటీమీటర్లు, అంటే 62 అంగుళాలు దాటకూడదని చాలా ఎయిర్‌లైన్స్ నిబంధన. దాటితే అది 'ఓవర్‌సైజ్' బ్యాగేజీ. దానికి వేరే ఛార్జీ పడుతుంది.

మామూలు సైకిల్‌ని చక్రాలు ఊడదీసి అట్టపెట్టెలో పెడితే ఆ పెట్టె సుమారు 135 × 75 × 20 సెంటీమీటర్లు ఉంటుంది. మొత్తం 230. అంటే పరిమితికి చాలా దూరం. చక్రాలు, హ్యాండిల్, పెడల్స్ అన్నీ తీసేసినా ఫ్రేమ్ పొడవు మాత్రం తగ్గదు. అసలు ఇబ్బంది అక్కడే.

అందుకే ఫ్రేమ్‌నే రెండు ముక్కలు చేయాలనే ఆలోచన వచ్చింది. ఈ సైకిళ్ల కోసం అమ్మే స్టాండర్డ్ కేసు సైజు 26 × 26 × 10 అంగుళాలు. కూడి చూడండి, సరిగ్గా 62! ఆ కేసు సైజు ఎయిర్‌లైన్స్ రూల్‌ని చూసి పెట్టిందే.

ఇందులో ఇంకో విశేషం ఉంది. రోడ్ సైకిళ్లకు వాడే 700సీ చక్రంలో టైరు కూర్చునే చోట రిమ్ వ్యాసం 62.2 సెంటీమీటర్లు. కేసు లోపల ఉండేది సుమారు 66. 28 మిల్లీమీటర్ల టైరు వేస్తే చక్రం మొత్తం 67.8 సెంటీమీటర్లకు చేరుతుంది, అంటే కొంచెం ఎక్కువ. టైర్లలో గాలి తీసేస్తే కేసులో ఇమిడిపోతుంది. అందుకే పెద్ద చక్రాల సైకిల్ కూడా ఇందులో పడుతుంది, కాకపోతే సందు అంటూ మిగలదు.

మడిచేది వేరు, విడదీసేది వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. ఫోల్డింగ్ సైకిల్‌లో మడతబందు ఉంటుంది. పది, ఇరవై సెకన్లలో మడిచి బస్సు ఎక్కేయొచ్చు. రోజూ ఆఫీసుకి వెళ్లి వచ్చేవాళ్ల కోసం చేసింది అది. చక్రాలు చిన్నవి.

విడదీసే సైకిల్ అలా కాదు. బిగించి ఉన్నప్పుడు చూస్తే మామూలు సైకిల్‌కి, దానికి తేడా కనిపెట్టడం కష్టం. చక్రాలు పెద్దవి, తొక్కే తీరు కూడా అదే. కానీ విడదీయడం సెకన్ల పని కాదు. చక్రాలు, హ్యాండిల్‌బార్, సీట్‌పోస్ట్, పెడల్స్ తీయాలి, కేబుళ్లు విడదీయాలి, ఒక్కో ట్యూబుకి గుడ్డ చుట్టాలి. మొదటిసారి గంట పైనే పట్టొచ్చు. చేయి తిరిగాక అరగంటలో అయిపోతుంది. ఊరికి ఒకసారి విడదీసి, ఊరు చేరాక ఒకసారి బిగించేవాళ్లకే ఇది సరిపోతుంది.

మడిచినవన్నీ 158లో పడతాయనుకోవడం కూడా పొరపాటే. అమెరికాకు చెందిన మాంటేగ్ కంపెనీ పెద్ద చక్రాల ఫోల్డింగ్ సైకిళ్లు చేస్తుంది. మడిస్తే సుమారు 36 × 28 × 12 అంగుళాలు. కలిపితే 76. కారు డిక్కీలోకి బాగుంటుంది, చెక్ఇన్ కౌంటర్ దగ్గర మాత్రం ఓవర్‌సైజే. లండన్‌లో తయారయ్యే బ్రామ్‌టన్ అయితే 16 అంగుళాల చక్రాలతో, మడిస్తే సుమారు 64.5 × 58.5 × 27 సెంటీమీటర్లు. మొత్తం 150. బ్యాగు పల్చనిదైతే హాయిగా లోపలే.

ఫ్రేమ్ విడదీసే పద్ధతులు

1. ఎస్ అండ్ ఎస్ కప్లర్

కాలిఫోర్నియాలోని ఎస్ అండ్ ఎస్ మెషీన్ అనే సంస్థ నుంచి వచ్చింది. 1990ల నుంచి ఈ రంగంలో దీనిదే పెద్ద పేరు. ఫ్రేమ్‌లోని టాప్ ట్యూబ్‌ని, డౌన్ ట్యూబ్‌ని మధ్యలో కోసి, రెండు చోట్లా ఈ మెటల్ కప్లర్లు అతుకుతారు. కప్లర్ లోపల పళ్లు ఉంటాయి. రెండు వైపుల పళ్లూ ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాక, పైనున్న మరతిరిగే కాలర్‌ని ప్రత్యేకమైన రెంచితో బిగిస్తారు. ట్యూబ్ మెలితిరిగే బలాన్ని పళ్లు తట్టుకుంటాయి, విడిపోకుండా కాలర్ పట్టుకుంటుంది. రెండు కప్లర్లకూ కలిపి దాదాపు పావు కిలో బరువు పెరుగుతుంది.

దీని పెద్ద ప్లస్ ఏంటంటే, ఉన్న స్టీల్ ఫ్రేమ్‌కి కూడా తర్వాత పెట్టించుకోవచ్చు. టైటానియం ఫ్రేమ్‌లకూ కప్లర్లు ఉన్నాయి. మామూలు అల్యూమినియం సైకిల్‌కి మాత్రం ఈ దారి లేదు. కార్బన్‌కి చేసేవాళ్లు చాలా అరుదు.

2. రిచీ బ్రేక్-అవే

మౌంటెన్ బైక్ తొలినాళ్ల నుంచి ఉన్న డిజైనర్ టామ్ రిచీ కంపెనీది. ఇందులో డౌన్ ట్యూబ్ కింది చివర, పెడల్ యాక్సిల్ ఉండే బాటమ్ బ్రాకెట్‌కి దగ్గర్లో ఒక చిన్న క్లాంప్ ఉంటుంది. పైన మాత్రం ప్రత్యేకమైన జాయింట్ ఏమీ లేదు. సీట్‌పోస్టే రెండు ముక్కలనూ కలిపి పట్టుకుంటుంది. చాలా తెలివైన డిజైన్. అదనపు బరువు సుమారు 100 గ్రాములే. కానీ దీన్ని కంపెనీ ఫ్రేమ్‌గానే కొనాలి, మీ పాత సైకిల్‌కి పెట్టించుకోలేరు.

3. చిన్న చక్రాల ట్రావెల్ సైకిళ్లు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1992లో మొదలైన బైక్ ఫ్రైడే, 20 అంగుళాల చక్రాలతో, సూట్‌కేస్‌లో పట్టే టూరింగ్ సైకిళ్లు చేస్తుంది. మీ ఎత్తు, చేతుల పొడవు చెబితే ఆ కొలతలకే తయారుచేస్తారు. ఇంగ్లండ్‌కి చెందిన మౌల్టన్ సైకిళ్లు సన్నటి గొట్టాల అల్లికలాంటి ఫ్రేమ్‌తో ఉంటాయి. వీటిలో చాలా మోడళ్లు మధ్యలో విడిపోతాయి. చక్రం చిన్నదైతే ప్యాకింగ్ సులువు. కాకపోతే మన గతుకుల రోడ్ల మీద పెద్ద చక్రమే సుఖం.

ధరలు ఎలా ఉన్నాయి?

ఇవి స్థూలమైన అంచనాలు. మోడల్, విడిభాగాలను బట్టి మారుతుంటాయి. డాలర్‌ని 90 రూపాయలుగా లెక్కేసుకుందాం.

- ఉన్న స్టీల్ ఫ్రేమ్‌కి కప్లర్లు పెట్టించడం: పెయింట్‌తో కలిపి 600 నుంచి 1,000 డాలర్లు. అంటే 54 వేల నుంచి 90 వేల రూపాయలు.
- రిచీ బ్రేక్-అవే ఫ్రేమ్‌సెట్: ఫ్రేమ్, ఫోర్క్‌కే 1,500 డాలర్ల పైమాట. చక్రాలు, గేర్లు, బ్రేకులు వేరే.
- కప్లర్లతో పూర్తి కస్టమ్ సైకిల్: సాధారణంగా 3,000 నుంచి 6,000 డాలర్లు. టైటానియం అయితే ఇంకా పైకి.
- బైక్ ఫ్రైడే టూరింగ్ మోడళ్లు: సుమారు 2,000 డాలర్ల నుంచి.
- మౌల్టన్ ఖరీదైన మోడళ్లు: 10,000 పౌండ్లు కూడా దాటతాయి. అది ట్రావెల్ కన్నా సరదా కిందే లెక్క.
- కేసు విడిగా కొంటే: 300 నుంచి 500 డాలర్లు.

ఎందుకింత ధర? కప్లర్ అనేది ముక్కలో ముక్కలా కూర్చునే ప్రిసిషన్ భాగం, వెంట్రుకవాసి తేడా ఉన్నా కుదరదు. దాన్ని ఒక్కో ఫ్రేమ్‌కి చేత్తో అతకాలి. పైగా కొనేవాళ్లు కొద్దిమందే. ఫోన్లలాగా లక్షల్లో తయారైతే ధర దిగుతుంది, ఇక్కడ ఆ అవకాశం లేదు.

తక్కువ ధరలో ఈ ఫీచర్ ఇద్దామని ప్రయత్నించిన కంపెనీ లేకపోలేదు. సర్లీ సంస్థ ట్రావెలర్స్ చెక్ పేరుతో కప్లర్లున్న రెడీమేడ్ స్టీల్ ఫ్రేమ్ అమ్మింది. లాంగ్ హాల్ ట్రక్కర్‌లో డీలక్స్ వెర్షన్ కూడా తెచ్చింది. రెండూ ఇప్పుడు తయారీలో లేవు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితేనే.

ఎక్కడ దొరుకుతాయి?

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు. కో-మోషన్, రోడ్రిగెజ్, బైలెంకీ లాంటి బిల్డర్ల పేర్లు ఈ రంగంలో ఎప్పటి నుంచో వినిపిస్తున్నాయి. ఆర్డర్ ఇస్తే కొలతలు తీసుకుని తయారుచేస్తారు కాబట్టి వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి. సెకండ్ హ్యాండ్ మార్కెట్ కూడా అక్కడ బాగానే ఉంటుంది.

ఇండియాలో పరిస్థితి వేరు. హైదరాబాద్‌లో గానీ, బెంగళూరులో గానీ పెద్ద సైకిల్ షోరూమ్‌కి వెళ్లి అడిగితే స్టాక్‌లోంచి తీసి చూపించే సరుకు కాదు ఇది. తెప్పించుకోవాల్సిందే. అక్కడే అసలు దెబ్బ. పూర్తిగా తయారైన సైకిళ్లపై దిగుమతి సుంకాన్ని 2023 కేంద్ర బడ్జెట్‌లో 30 నుంచి 35 శాతానికి పెంచారు. ఆ పైన జీఎస్టీ. సైకిళ్లపై జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 12 నుంచి 5 శాతానికి తగ్గడం కొంచెం ఊరట.

లెక్క వేద్దాం. 4,000 డాలర్ల సైకిల్ అంటే 3,60,000 రూపాయలు. 35 శాతం సుంకం కలిపితే 4,86,000. దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపితే 5,10,300. ఇంకా షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలపలేదు. ఈ రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కీ మారుతుంటాయి, ఫ్రేమ్ విడిగా తెప్పిస్తే లెక్క వేరు. కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు ఆ రోజు రేటు కనుక్కోండి. వచ్చేటప్పుడు ఎవరైనా బంధువుల చేత లగేజీలో తెప్పించుకుందామన్నా, కొత్త వస్తువులకి కస్టమ్స్ డ్యూటీ-ఫ్రీ పరిమితి ఉంటుందన్న సంగతి మర్చిపోవద్దు.

ఇంకో హెచ్చరిక. "మన ఊళ్లో వెల్డర్ ఉన్నాడు, ఫ్రేమ్ కోయించి నట్లు బోల్టులు పెట్టిస్తే పోలా?" అనే ఐడియా వస్తే అక్కడే ఆపేయండి. డౌన్ ట్యూబ్ మీద మీ బరువు, పెడల్ తోపుడు, గతుకుల దెబ్బ అన్నీ పడతాయి. 40 కిలోమీటర్ల వేగంలో దిగువకి వస్తున్నప్పుడు ఆ జాయింట్ విడిపోతే మిగిలేది ఆసుపత్రి బిల్లే.

మరి డబ్బు తిరిగొస్తుందా?

ఒక ఉదాహరణ చూద్దాం. కప్లర్లకి 800 డాలర్లు, కేసుకి 400 డాలర్లు అదనంగా పెట్టారనుకోండి. మొత్తం 1,200. ఎయిర్‌లైన్ సైకిల్ పెట్టెకి ఒక్కో వైపు 150 డాలర్లు తీసుకుంటుంటే రానుపోను 300 మిగులుతాయి. అంటే నాలుగు ట్రిప్పుల్లో పెట్టుబడి వచ్చేసినట్టే. ఏడాదికి రెండుసార్లు సైకిల్‌తో ప్రయాణం చేసేవాళ్లకి రెండేళ్లు. లెక్క బాగానే ఉంది.

కానీ 2019లో ఈ లెక్క మారిపోయింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, డెల్టా రెండూ ఆ ఏడాదే సైకిళ్లపై 150 డాలర్ల ప్రత్యేక ఫీజు తీసేశాయి. బరువు 23 కిలోల లోపు ఉంటే పెద్ద పెట్టెని కూడా మామూలు బ్యాగ్‌గానే లెక్కేయడం మొదలుపెట్టాయి. అంటే ఆ విమానాల్లో తిరిగేవాళ్లకి 158 సెంటీమీటర్ల కోసం అన్ని డాలర్లు పోయాల్సిన అవసరమే లేకుండా పోయింది. సైకిల్‌కి విడిగా ఫీజు వేసే ఎయిర్‌లైన్స్ ప్రపంచంలో ఇంకా చాలానే ఉన్నాయి. అందుకే కొనే ముందు మీరు ఎక్కువగా ఎక్కే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో 'స్పోర్ట్స్ ఎక్విప్‌మెంట్' పేజీ ఒకసారి చదవండి. ఆ ఒక్క పేజీ మీకు లక్ష రూపాయలు మిగల్చొచ్చు.

ఫీజు లేకపోయినా చిన్న కేసుకి వేరే లాభాలున్నాయి. దిగాక మామూలు క్యాబ్ డిక్కీలో పడుతుంది. హోటల్ లిఫ్ట్‌లో పడుతుంది. రైల్లో సీటు కింద కాకపోయినా పక్కన ఇముడుతుంది. నాలుగైదు ఊళ్లు మారుతూ తిరిగేవాళ్లకి ఇదే అసలు ఉపయోగం.

డొమెస్టిక్‌లో అసలు చిక్కు: 15 కిలోలు

మన దేశంలో తిరిగేవాళ్లకి 158 కన్నా పెద్ద అడ్డంకి బరువు. డొమెస్టిక్ విమానాల్లో ఎకానమీకి చెక్ఇన్ పరిమితి చాలావరకు 15 కిలోలే. సైకిల్ 10 కిలోలు, గట్టి కేసు 5 కిలోలు, పనిముట్లు, పంపు ఇంకో కిలో. అప్పుడే 16 అయింది, మీ బట్టలు ఇంకా పెట్టనేలేదు! ఎక్సెస్ బ్యాగేజీకి కిలోకి వందల్లో కట్టాలి. అంటే ఐదు లక్షలు పెట్టి సైజు తగ్గించినా, కౌంటర్ దగ్గర బరువు పట్టేసుకుంటుంది.

అంతర్జాతీయ టికెట్లలో చాలావాటికి బ్యాగ్‌కి 23 కిలోలు ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా వెళ్లేటట్టయితే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద బుక్ చేసుకోండి. విడివిడిగా తీసుకుంటే మొదటి విమానంలో డొమెస్టిక్ పరిమితే వర్తిస్తుంది.

కొనే ముందు ఇవి చూసుకోండి

బ్రేకులు: కేబుల్‌తో పనిచేసే బ్రేకులైతే మధ్యలో స్ప్లిటర్ పెట్టి సులువుగా విడదీయొచ్చు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే వెనక బ్రేక్ ఆయిల్ గొట్టాన్ని ప్రతిసారీ తెంపలేరు. ట్రావెల్ సైకిల్‌కి మెకానికల్ డిస్క్ బ్రేకులే మేలు.

గేర్లు: వైర్‌లెస్ ఎలక్ట్రానిక్ గేర్లు ఇక్కడ నిజంగా పనికొచ్చే గ్యాడ్జెట్. కేబుల్ గొడవే ఉండదు. వాటి బ్యాటరీ ఫోన్ బ్యాటరీ కన్నా చిన్నది, కాబట్టి విమానంలో సమస్య లేదు. విడి బ్యాటరీ ఉంటే క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

ఎలక్ట్రిక్ సైకిల్: దీన్ని మర్చిపోండి. ప్రయాణికులు తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి 100 వాట్-అవర్స్ పరిమితి, ఎయిర్‌లైన్ అనుమతితో 160 వరకు. ఈ-సైకిల్ బ్యాటరీలు సాధారణంగా దానికి పైనే ఉంటాయి. ఫ్రేమ్ ఎన్ని ముక్కలైనా బ్యాటరీ విమానం ఎక్కదు.

కేసు: పైన వేరే సూట్‌కేసులు పడినా లోపలికి నొక్కుకుపోకుండా మధ్యలో నిలబెట్టే చిన్న కడ్డీలు అమ్ముతారు. సాఫ్ట్ కేసు అయితే అవి తప్పనిసరి.

ప్యాకింగ్ ఫోటో: సెక్యూరిటీ వాళ్లు కేసు తెరిచి చూస్తే, తిరిగి అలాగే సర్దడం వాళ్లకి తెలీదు. ఏ ముక్క ఎక్కడ ఉండాలో ఫోటో తీసి ప్రింట్ మూత లోపల అంటించండి. చాలా చిన్న పని, కానీ వంగిన డిరైలర్ ఖర్చు తప్పిస్తుంది.

రెంచి: కప్లర్ రెంచి పోతే పరాయి ఊళ్లో దొరకదు. బిగించిన మొదటి రోజు మధ్యలో ఆగి ఒకసారి కాలర్ వదులైందేమో చూసుకోండి.

తక్కువ ఖర్చులో వేరే దారులు

వీకెండ్‌కి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ ట్రాక్ మీద తొక్కడానికో, వికారాబాద్ వైపు వెళ్లడానికో అయితే కారు వెనక తగిలించే క్యారియర్ చాలు. కొన్ని వేలల్లో పనైపోతుంది.

రైలు ప్రయాణమైతే మామూలు సైకిల్‌ని పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి పంపుకోవచ్చు. జపాన్‌లో 'రింకో' అని ఒక పద్ధతి ఉంది. చక్రాలు తీసి, ఫ్రేమ్‌కి కట్టి, మొత్తం ఒక గుడ్డ సంచిలో వేసుకుని రైలెక్కేస్తారు. సంచి ఖర్చు తప్ప ఇంకేం లేదు.

ఏడాదికోసారి గోవా ఐరన్‌మ్యాన్ 70.3 లాంటి రేసుకి వెళ్లేవాళ్లకి రేస్ సైకిల్ ఎటూ కార్బన్‌దే ఉంటుంది, దానికి కప్లర్లు కుదరవు. మంచి బైక్ కేసు అద్దెకి తీసుకోవడమో, నలుగురు కలిసి వ్యాన్ మాట్లాడుకోవడమో నయం.

ఆరు నెలలు, ఏడాది ఆన్‌సైట్‌కి వెళ్తున్న ఐటీ వాళ్లయితే ఇక్కడి నుంచి సైకిల్ మోసుకెళ్లకండి. అక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొని, వచ్చేటప్పుడు అమ్మేసి రండి. ఎలా చూసినా చవక.

బస్సు, మెట్రో, ఆఫీసు కోసమైతే ఫోల్డింగ్ సైకిల్ తీసుకోండి. మన దగ్గర 15 వేల నుంచి 40 వేల మధ్యలో దొరుకుతాయి.

మా మాట

విడదీసే ఫ్రేమ్ మీద పెట్టే ప్రతి అదనపు రూపాయీ 158 సెంటీమీటర్ల రూల్ కోసమే. ఆ రూల్ మిమ్మల్ని ఏడాదికి రెండు మూడుసార్లు ఇబ్బంది పెడుతుంటే, విదేశాల్లో ఊరూరూ తిరుగుతూ తొక్కే అలవాటు ఉంటే, మీ కొలతలకి సరిపోయిన స్టీల్ సైకిల్ ఇప్పటికే ఉంటే, కప్లర్లు పెట్టించడం మంచి ఖర్చే. కొత్తది కొనాలంటే రిచీ బ్రేక్-అవే తేలికైన దారి. ఇండియాలో ఉంటూ ఇక్కడే తిరిగేవాళ్లు మాత్రం ఐదు లక్షలు పోసి దిగుమతి చేసుకోవద్దు. 15 కిలోల పరిమితి ఉన్నంతకాలం అది గిట్టుబాటు కాదు. ఆ డబ్బులో పదో వంతు పెట్టి మంచి సైకిల్ కొనుక్కుని, మిగతాది టికెట్లకి ఖర్చుపెట్టండి.

తరచూ వచ్చే ప్రశ్నలు

జాయింట్ వల్ల ఫ్రేమ్ బలహీనపడుతుందా?
సరిగ్గా అతికిన కప్లర్‌తో ఆ భయం అక్కర్లేదు. ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిళ్లలోనూ ఇవే వాడుతున్నారు. వదులుగా బిగిస్తే మాత్రం ఏ జాయింటైనా ప్రమాదమే.

రోజూ విడదీసి ఆఫీసులో పెట్టుకోవచ్చా?
పెట్టుకోవచ్చు గానీ విసుగొస్తుంది. దానికి ఫోల్డింగ్ సైకిలే కరెక్ట్.

సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా?
కొనొచ్చు. కప్లర్ పళ్లు అరిగాయా, అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నాయా, రెంచి, కేసు కూడా ఇస్తున్నారా చూడండి. అన్నిటికన్నా ముందు ఫ్రేమ్ సైజు మీకు సరిపోతుందో లేదో చూసుకోండి. సైజు కుదరని ట్రావెల్ సైకిల్ సూట్‌కేస్‌లోనే ఉండిపోతుంది.